ఆడపడుచు చేసిన బోర్డు

ఆ కంపెనీలో లేజర్ కిరణంతో దూరాలు కొలిచే యంత్రాలు తయారవుతాయి. కదిలే అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగు అలల్లా హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ అలల్ని లెక్కపెట్టడానికి వీలైన విద్యుత్ పల్సులుగా మార్చే సర్క్యూట్ బోర్డు చాలా ఏళ్లుగా అక్కడి ఇంజనీరు ఒకామె చేతి పని. ఆమె ఆడపడుచు కూడా అక్కడే ఉద్యోగంలో చేరి ‘వదినా’ అని పిలవడంతో ఆఫీసంతటికీ ఆమె వదినగారైపోయింది.

చేరిన రెండో ఏడే ఆడపడుచు కొత్త బోర్డు చేసింది. పాతది భోజనం పళ్లెమంత. ఇది అరచేతిలో ఇమిడింది. పైగా ఇంకా సూక్ష్మంగా కొలుస్తుంది. చీఫ్ ఇంజనీరు దాన్ని తిప్పితిప్పి చూసి, "పరీక్షించే పని వదినగారిదే" అన్నాడు. ఆమె నవ్వింది. లోపల మాత్రం భగ్గుమంది.

ఇంట్లో మరీ దారుణం. భర్త లెక్కల మాస్టారు. భోజనాల దగ్గర, "మా చెల్లి చిన్నప్పుడే రేడియో విప్పేసింది తెలుసా?" అన్నాడు.

"బిగించింది మాత్రం మామయ్యగారేగా" అంటూ ఆమె గిన్నె ఠపీమని పెట్టింది.

మర్నాడు కొత్త బోర్డు బిగించి, అద్దాన్ని వీలైనంత వేగంగా పరిగెత్తించింది. లెక్క తప్పలేదు. పక్కనే పెద్ద మోటారు నడిపించింది, బోర్డు మీదికి వేడిగాలి వదిలింది. ఊహూఁ. అది ఎంత బాగా పనిచేస్తే ఆమెకి అంత ఒళ్లు మండింది. విసిగిపోయి, అద్దాన్ని ఆపేసి, టీకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి తెర మీద అంకె పెరిగి ఉంది. పక్క గదిలో కంప్రెసర్ ఆడుతుంటే బల్ల సన్నగా వణుకుతోంది. ఆమె గోటితో బల్లను తట్టింది. అంకె పెరిగింది. మళ్లీ తట్టింది. మళ్లీ పెరిగింది. అద్దం ఇసుమంత ముందుకెళ్లి వెనక్కొచ్చినా, బోర్డు రెండింటినీ ముందుకే లెక్కేస్తోంది! ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

ఆడపడుచుకి విడిగా చెప్పొచ్చు. చెప్పలేదు. చీఫ్‌ని, మిగతావాళ్లని పిలిచి అందరి ముందూ తట్టి చూపించింది. ఆడపడుచు మొహం పాలిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ పిల్లే అన్నకి చెప్పింది. "ఇవాళ వదిన నా బోర్డు పరువు తీసేసింది అన్నయ్యా. ఎంత బాగా పట్టుకుందో!"

"చూశావా, తప్పుని ఎంత నిజాయితీగా ఒప్పుకుందో! మా చెల్లి బంగారం" అన్నాడాయన, భార్యతో.

ఆమె పళ్లెం పక్కకి నెట్టింది. లేచి వంటింట్లోకి వెళ్లింది. వెనకే ఆడపడుచు వచ్చింది.

"నీ బోర్డులో ఇలా రాదు కదా. ఏం చేశావు వదినా?"

"వెతుక్కో."

"నా మీద కోపమా?"

"కోపం కాదే. కుళ్లు" అనేసి, తనే ఉలిక్కిపడింది.

ఆడపడుచు నవ్వలేదు. "నాకూ ఉండేది. నీ పెళ్లైన కొత్తలో అన్నయ్యకి నోరు తెరిస్తే నీ బోర్డు గొడవే. నేనొకదాన్ని ఉన్నానని కూడా మర్చిపోయాడు. ఆ ఉక్రోషంతోనే నేనీ చదువులో చేరాను."

ఆమె ఒక గిన్నె అందుకుని తోమసాగింది. తోముతూనే అంది: "అల నువ్వు పెట్టిన హద్దు గీత దాటగానే లెక్కేస్తున్నావు. గీత దాటి కొంచెం దూరం పోనీ, అప్పుడు లెక్కెయ్. వెనక్కొచ్చేటప్పుడూ అంతే. చిన్న చిన్న వణుకులు ఆ మధ్యలోనే పోతాయి."

వారం తిరక్కుండా బోర్డు సరైంది. ఆడపడుచు పేరుతోనే తయారీకి వెళ్లింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. లోపల మంట ఇంకా ఆరలేదు.

ఆ రోజు ఇద్దరూ కలిసి ఇంటికి నడుస్తుంటే, "నిజంగానే నా బోర్డు గురించి అంత చెప్పేవారా మీ అన్నయ్య? ఏమనేవారు?" అని అడిగింది. ఆడపడుచు చెప్పింది. ఆమె మళ్లీ మొదటినుంచీ చెప్పించుకుంది.