నీళ్లలో కొలత

నాలుగు బోల్టులూ విప్పితే మధ్యాహ్నం పన్నెండింటి ట్రిప్పు పోతుంది. విప్పకపోతే ఏం పోతుందో మెకానిక్కు ఒక్కడికే తెలుసు. పడవ అడుగున ఇంజను గదిలో, మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చుని, పొద్దుటినుంచి పానా చేతిలో తిప్పుతున్నాడు తప్ప బోల్టు మీద పెట్టడం లేదు.

పడవ అతని అక్క మొగుడిది. నదికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని దాటించే చెక్క పడవ. మూడు వారాల కిందట, ముప్పై మందితో నది నడుమ ఉండగా, ఇంజన్ని, పడవ పంకా తిప్పే షాఫ్టుకి కలిపే బోల్టులు ఫట్టుమని తెగిపోయాయి. ఇంజను ఉత్తినే అరిచింది. పడవ మాత్రం ఏటివాలున కొట్టుకుపోయి, వంతెన స్తంభానికి రెండు బారల ఇవతల ఇసుక మేటకి తట్టుకుని ఆగింది. ఆ రెండు బారలూ అదృష్టం, ఇంకేమీ కాదు. షాఫ్టు వంగింది, గేరుబాక్సు చెడింది. పడవని ఒడ్డుకి లాగి, ఇంజను పైకెత్తి, షాఫ్టు సాపుచేసి, కొత్త గేరుబాక్సు వేసి మళ్లీ కూర్చోబెట్టారు. నిన్న పొద్దున నీళ్లలోకి దించారు.

బోల్టుల ఉక్కు మంచిది కాదని ఆ రోజు అన్నది మెకానిక్కే. ఆ మాట పట్టుకుని బావ బోల్టులమ్మిన షాపతని మీదికి వెళ్లాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ఇప్పుడు ఎదురుపడితే వీధి మారుతున్నారు.

నిజం వేరు. చెక్క పడవ ఒడ్డున దిమ్మల మీద ఉన్నప్పుడు ఒక తీరుగా ఉంటుంది. నీళ్లలో పడి నానాక ఒళ్లు సర్దుకుని ఇంకో తీరుకి వస్తుంది. అందుకని ఒడ్డున ఎంత బాగా కూర్చోబెట్టినా, నీళ్లలో ఒక రోజు నానబెట్టి, బోల్టులు విప్పి, ఆ బోల్టులు కలిపి పట్టే ఇంజను వైపు ఇనప బిళ్లకీ షాఫ్టు వైపు ఇనప బిళ్లకీ మధ్య సందు మళ్లీ కొలవాలి. సందు చుట్టూ ఒకేలా లేకపోతే తిరిగేకొద్దీ బోల్టులు నలిగి తెగుతాయి. ఈ పనిలో చేరినవాడికి మొదటి వారంలోనే చెప్పే మాట అది. కిందటిసారి ఇంజను కూర్చోబెట్టినప్పుడు అతను కొలవలేదు. బద్ధకమూ కాదు, మరుపూ కాదు. ఒడ్డున ఆ రెండు బిళ్లల మధ్య కాగితం పెడితే చుట్టూ ఒకేలా పట్టింది. బావ పోయేవాళ్లనీ వచ్చేవాళ్లనీ పిలిచి మరీ చూపించాడు. చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టారు. అంత ముచ్చటగా కుదిరిన పనిని తన చేత్తోనే విప్పడానికి మనసొప్పలేదు. తేడా వచ్చి ఉంటుందని తెలుసు. తెలిసే వదిలేశాడు.

ఈసారి ఎవరూ లేకుండా కొలిచేద్దామని తెల్లవారగానే వచ్చాడు. బావ అంతకన్నా ముందే వచ్చి డెక్కు కడుగుతూ కనిపించాడు. బావ అప్పటినుంచి పడవ దిగలేదు.

పైన రేవు మెట్ల దగ్గర జనం చేరుతున్నారు. మూడు వారాలుగా వంతెన మీదుగా చుట్టూ తిరిగి కాళ్లరిగినవాళ్లు. అక్క వాళ్లకి సర్దిచెబుతోంది. బోల్టులు తెగిన రోజు పడవలో అక్క కూడా ఉంది.

బావ తల లోపలికి వంచాడు.

"ఏం బామ్మర్దీ, ఇంజన్ని పొదుగుతున్నావా? పిల్లలెప్పుడు?"

"బోల్టులు విప్పాలి బావా. సందు మళ్లీ కొలవాలి."

"మొన్న ఒడ్డున కొలిచావుగా?"

"నీళ్లలో కొలవాలి."

బావ నిచ్చెన రెండు మెట్లు దిగాడు. "కిందటిసారి నీళ్లలో కొలవలేదే."

నిలదీసిన మాట కాదది, తెలియక అడిగిన మాట. జవాబు సిద్ధంగానే ఉంది. గేరుబాక్సు కొత్తది, అందుకని ఈసారి కొలవాలి అంటే చాలు. బావకి చుక్కాని తెలిసినంత ఇంజను తెలియదు. నమ్ముతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పైన అక్క ఎవరో ముసలావిడతో అంటోంది: "భయం లేదు పెద్దమ్మా, మా తమ్ముడే బిగించాడు."

"కొలవలేదు బావా," అన్నాడు. "కొలవాల్సింది. అందుకే తెగాయి. బోల్టులు మంచివే."

బావ మిగతా మెట్లు కూడా దిగి వచ్చాడు.

"వాడి షాపు ముందు నిలబడి నేను ఏమేం అన్నానో తెలుసా నీకు?"

"పక్కనే ఉన్నాను."

బావ పైకి వెళ్లాడు. ఇవాళ పడవ లేదని జనానికి చెప్పడం వినిపించింది. గోల లేచింది. ఇంకా ఎన్నాళ్లు తిప్పుతారని ఎవరో అడిగారు. ఎందుకని అక్క అడిగింది. బావ ఏం చెప్పాడో వినపడలేదు.

మెకానిక్కు పానా పెట్టాడు. బోల్టులు ఒక్కొక్కటే వచ్చేశాయి. కొలత రేకుల్లో అన్నిటికన్నా సన్నది తీసి బిళ్లల మధ్య దూర్చబోయాడు. పైన దూరలేదు. కింద నాలుగు రేకులు కలిపి పెట్టినా లొడలొడలాడాయి. పన్నెండింటికి బయలుదేరి ఉంటే నాలుగు రోజులు తిరిగేది, మహా అయితే వారం. ఆపైన బోల్టులు మళ్లీ తెగేవి.

బావ లైటు పట్టుకుని మళ్లీ దిగాడు. మెకానిక్కు ముఖం చూడలేదు. లైటు మాత్రం బిళ్లల మీద పడేలా పట్టాడు.

ఇంజను ముక్కు దించాలి. ముందువైపు కాళ్ల నట్లు వదులుచేసి, జాకీతో వెంట్రుకవాసి ఎత్తి, ఆ కాళ్ల కింద ఎత్తుకి పెట్టిన ఇత్తడి రేకు ముక్కల్లో ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి లాగాడు. బిగించి కొలిస్తే పైనా కిందా కలిసింది గానీ పక్కలు తప్పాయి. పక్కలు సరిచేసి బిగిస్తే కింద మళ్లీ తెరుచుకుంది. నట్టు ఆఖరి చుట్టు తిరిగినప్పుడల్లా, అంతవరకూ కుదిరింది కాస్తా చెడుతోంది. మూడోసారి పానా జారి వేళ్ల కణుపులు చీరుకున్నాయి. తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు. బావ లైటు పట్టిన చెయ్యి మార్చలేదు.

అయిదోసారి ఒకే రేకు నాలుగు వైపులా ఒకేలా పట్టింది. షాఫ్టుని పావు చుట్టు తిప్పి కొలిచాడు. ఇంకో పావు. అలాగే ఉంది. బావ అడగకుండానే రేకు అతని చేతిలోంచి తీసుకుని, తనే నాలుగు వైపులా దూర్చి లాగి చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

బోల్టులు బిగించి, పడవని తాళ్లతో ఒడ్డుకి కట్టి ఉంచే ఇంజను వేశారు. గేరు పడింది. తాళ్లు బిర్రుగా బిగుసుకున్నాయి. మెకానిక్కు గేరుబాక్సు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. వణుకు లేదు. బావ ఇంకా వేగం పెంచాడు. అప్పుడూ లేదు.

ఇంజను ఆపాక బావ చేతులు తుడుచుకున్నాడు.

"రేపటినుంచి ప్రతి ట్రిప్పుకీ ఈ గదిలోనే కూర్చుంటావు. నేను చాలు అనేదాకా."

"సరే."

"షాపుకి సాయంత్రం ఇద్దరం వెళ్దాం. మాట్లాడేది నువ్వు." నిచ్చెన ఎక్కబోయి ఆగాడు. "మీ అక్కకి నేనేం చెప్పలేదు."

మెకానిక్కు ముందు ఎక్కాడు. అక్క డెక్కు మీద బల్లపై కూర్చుని ఉంది. రేవు మెట్ల మీద జనం లేరు.

"అయిందా?" అంది.

"అయింది," అని ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. "అక్కా, ఆ రోజు సంగతి చెప్పాలి."