హన్మయ్య కప్పుకోని శాలువా

ముప్పై ఏళ్ల సర్వీసులో హెడ్ కానిస్టేబుల్ హన్మయ్యను సన్మానానికి పిలిచినవాళ్లు లేరు. సన్మానాలు జరిగేచోట గుంపును వెనక్కి నెట్టడమే అతని పని. అందుకే 2009 ఆగస్టులో నాచారంలోని ఒక కాలనీ సంఘం పంపిన కార్డులో, ఇన్‌స్పెక్టర్ పేరు కింద తన పేరు కూడా అచ్చయి ఉంటే సంతోషించలేదు. కార్డును తిప్పి తిప్పి చూశాడు.

"మంచిగ పిలిస్తె గట్ల సూస్తవేంది?" అంది భార్య సారలమ్మ.

"మంచిగనే పిలిసిన్రు. ఎందుకు పిలిసిన్రన్నదే నా ఫికర్."

ఆ అనుమానానికి కారణం ఉంది. ఫిబ్రవరిలో కాలనీ పార్కు స్థలంలో ఎవరో రాతి కడీలు పాతి తీగ చుడుతున్నారని, ఆ కాలనీలోనే కుట్టు నేర్పే ఛాయాదేవి స్టేషన్‌కు వచ్చి ఫిర్యాదు చేసింది. చూసి రావడానికి హన్మయ్యే వెళ్లాడు. దగ్గరుండి కడీలు పాతిస్తున్నది సంఘం అధ్యక్షుడు త్రిమూర్తులు బావమరిది. హన్మయ్య చూసింది చూసినట్టు రాసుకొచ్చాడు. ఇప్పుడు కేసు కోర్టులో ఉంది. అతని సాక్ష్యం మంగళవారం. సన్మానం ఆదివారం.

శుక్రవారం త్రిమూర్తులు స్వయంగా స్టేషన్‌కు వచ్చాడు.

"తప్పకుండా రావాలండి. ఉప్పల్ రోడ్డులో గొలుసు దొంగని వెంటపడి పట్టుకున్నారు. అలాంటివి మేం మర్చిపోమండి. మీరూ మమ్మల్ని కాస్త గుర్తుంచుకోవాలి మరి" అని నవ్వాడు.

ఆ దొంగను పట్టుకుని రెండేళ్లయింది. ఇన్నాళ్లూ గుర్తురానిది ఈ వారమే ఎలా గుర్తొచ్చిందని హన్మయ్య మనసులో లెక్క వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున ఉప్పల్ ఫంక్షన్ హాల్లో ప్రతిదీ అతనికి అనుమానంగానే కనబడింది. వేదిక మీద తన కుర్చీ సరిగ్గా త్రిమూర్తులు పక్కనే వేశారు. బావమరిది రెండో వరుసలో కూర్చుని కాలు ఊపుతున్నాడు. ఫొటోగ్రాఫర్ చెవిలో త్రిమూర్తులు ఏదో చెప్పాడు. ఇన్‌స్పెక్టర్‌కు శాలువా కప్పడం అయ్యాక మైకులో హన్మయ్య పేరు పిలిచారు. త్రిమూర్తులు శాలువా విప్పి దగ్గరకు వస్తుంటే హన్మయ్య రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"మన్నించుండ్రి సార్. మంగళారం నేను కోర్టుల సాక్ష్యం చెప్పాలె. గా కేసుల మీ సుట్టమున్నడు. మీ చేతుల శాలువా నేను కప్పుకోను."

ఇన్‌స్పెక్టర్ తల దించుకుని వాచీ చూసుకున్నాడు. హన్మయ్య మెట్లు దిగి బయటకు నడిచాడు. గేటు దగ్గర ఛాయాదేవి పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"ఏం పని జేసిన్రన్నా? మీ పేరిచ్చింది నేను. ముందుగాల త్రిమూర్తులు సార్ వద్దన్నడు. నూట ఇరవై మందిమి సంతకాలు పెట్టి పట్టువట్టినం."

హన్మయ్య హాలు వైపు తిరిగి చూశాడు. "గా మాట నాకు జెప్పొద్దా అమ్మా?" అన్నాడు.

ఆమె తల పక్కకు తిప్పుకుంది. "నిజం జెప్తున్న, మీ మీద గూడ నాకు నమ్మకం లేకుండె. గింతమంది ముందట గౌరవిస్తె, కోర్టుల మాట మార్చనీకి సిగ్గువడ్తరనుకున్న."

ముప్పై ఏళ్లు ఎదుటివాళ్లను అనుమానించి బతికినవాడికి, తనను అనుమానిస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. కోపం వచ్చింది. అయినా సంతకాలు పెట్టినవాళ్లు గుర్తొచ్చి మళ్లీ హాలు గుమ్మం దాకా వెళ్లాడు. వాళ్లందరికీ అక్కడి నుంచే చేతులు జోడించి దండం పెట్టి వెళ్లిపోయాడు.

మంగళవారం కోర్టులో అవతలి లాయరు ఆ సంగతే ఎత్తాడు. "అధ్యక్షుడి మీద మీకు కక్ష ఉంది. నిండు సభలో ఆయన్ని అవమానించారు. ఔనా, కాదా?"

"శాలువా వద్దన్నది మొన్న ఆదివారం సార్. నేను రాసింది ఫిబ్రవరిల. గప్పటికి ఆయనతోటి నాకు పరిచయమే లేదు" అన్నాడు హన్మయ్య.

జడ్జి ఆ కాగితం తెప్పించుకుని తేదీ చూశాడు. వెనక బెంచీ మీద ఛాయాదేవి కొంగుతో ముఖం తుడుచుకుంది.

సంక్రాంతి వెళ్లాక కోర్టు ఉత్తర్వుతో పార్కులో కడీలు పీకించారు. ఆ సంఘం మళ్లీ ఏ పోలీసుకూ సన్మానం చేయలేదు. దానికి హన్మయ్య బాధపడలేదు గానీ, ఆ నూట ఇరవై మందిలో ఎవరు ఎదురుపడినా ముందుగా తనే నమస్తే పెట్టేవాడు.