వెనక సీట్లో వాసన

అత్తగారికి మళ్ళీ తలనొప్పి మొదలైంది.

రెండేళ్ళ కిందట ఆవిడ తలలో గడ్డ తీశారు. మనిషి దక్కింది గాని, అప్పటినుంచి వాసనలు తెలియడం మానేశాయి. "పోతేపోయింది. పక్కవాళ్ళ కూర మాడినా నాకు బాధలేదు" అని నవ్వేసేది. ఎడమచెయ్యి మాత్రం ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. అందుకని సోమవారం, గురువారం వ్యాయామ కేంద్రానికి వెళ్ళాలి. కొడుకు ఓడ మీద ఉద్యోగంలో ఉన్నాడు కాబట్టి కారు నడిపేది కోడలే. అత్తగారు వెనక సీట్లోనే కూర్చునేది. ముందు కూర్చుంటే ఎదురొచ్చే లారీలన్నీ తన ఒళ్ళోకే వస్తున్నట్టుంటాయట.

మూడు వారాలుగా కేంద్రం చేరేసరికి ఆవిడకి తల పగిలిపోతోంది, కడుపులో తిప్పుతోంది. గడ్డ ఉన్నప్పుడూ అచ్చం ఇలాగే మొదలైంది. డాక్టరు పై వారం శుక్రవారానికి స్కాన్ రాశాడు. ఇద్దరూ ఆ మాట ఎత్తకుండా తిరుగుతున్నారు.

ఆ గురువారం కారు దిగుతూనే ఆవిడ గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఆవిడని లోపల కూర్చోబెట్టి, తువ్వాలు కోసం కోడలు కారు దగ్గరికి పరుగెత్తింది. ఇంతలో వాన ఊపందుకుంది. వెనక సీట్లోకి దూరి తలుపు వేసుకుంది.

ముక్కు పుటాలు అదిరాయి. పెట్రోలు!

తను ఎప్పుడూ కిటికీ దించి నడుపుతుంది. ఇన్నాళ్ళూ ఒక్కసారీ వెనక కూర్చోలేదు. నెల కిందట ఒక వ్యాను గుద్ది, పెట్రోలు మూత ఉన్న వైపు వెనక రేకు సొట్టపోయింది. బాగుచేయించి తెచ్చిన వారమే తలనొప్పి మొదలైంది. ఆశపడటానికి కూడా భయమేసింది ఆమెకి. అత్తగారిని ఆటోలో ఇంటికి పంపి, కిటికీలన్నీ దించి, వానలో తడుస్తూనే కారు బాగుచేయించిన షెడ్డుకి వెళ్ళింది.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటున్న గుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు.

"కొత్త రంగు కదమ్మా, నాలుగు రోజులు వాసనొస్తుంది."

"రంగుకీ పెట్రోలుకీ తేడా తెలీదా మేస్త్రీ గారూ? మీరే ఒకసారి వెనక కూర్చుని తలుపేసుకోండి."

కూర్చున్నాడు. నిమిషం తిరక్కుండానే దిగాడు. అతని ముఖంలో రంగు మారింది.

"ఒరేయ్, వెల్డింగ్ ఆపండ్రా!" అని షెడ్డంతా వినపడేలా అరిచాడు.

కారుని ఆరుబయటికి తోయించి, కింద పడుకుని చూశాడు. ట్యాంకు పొడిగానే ఉంది. ఇంజను దగ్గరా ఏమీ లేదు. లేచి కాసేపు తల గోక్కున్నాడు.

"ట్యాంకు ఎప్పుడు నింపారమ్మా?"

"ఇవాళ పొద్దున్నే. నిండా."

"అయితే పెట్రోలు కారేది ట్యాంకు కింద కాదు, పైన."

వెనక చక్రం ఊడదీసి, దాని పైనుండే ప్లాస్టిక్ తొడుగు లాగాడు. మూత దగ్గరనుంచి ట్యాంకులోకి దిగే గొట్టం కనిపించింది. రబ్బరు గొట్టం అతికే చోట క్లిప్పు వదులుగా వేలాడుతోంది. దాని చుట్టూ దుమ్ము తడిసి నల్లగా పేరుకుంది. ఆ పక్కనే రేకులో బొటనవేలంత కన్నం, దానికుండాల్సిన రబ్బరు బిరడా లేదు. ఆవిరంతా అందులోంచి నేరుగా వెనక సీటు కిందికే పోతోంది.

మేస్త్రీ బుకాయించలేదు.

"రేకు సాపు చెయ్యడానికి ఈ గొట్టం నేనే విప్పానమ్మా. బిగించేటప్పుడు ఎవరో పిలిస్తే వెళ్ళాను. తప్పు నాదే. ఎవరికీ ఏమీ కాలేదు కదా?"

"మా అత్తయ్యకి..." అని మొదలుపెట్టి, అక్కడే పాత టైరు మీద కూలబడి ఏడ్చేసింది. అవి ఏ కన్నీళ్ళో తెలియక మేస్త్రీ కంగారుపడి మంచినీళ్ళు తెప్పించాడు.

కొత్త క్లిప్పు వేశాడు, బిరడా పెట్టాడు. సీటు ఎత్తి కింద అంతా ఆరబెట్టాడు. మర్నాడు ట్యాంకు మళ్ళీ నింపించి, తనే వెనక కూర్చుని ఊరంతా తిప్పించి, అప్పుడు గాని తాళాలు ఇవ్వలేదు.

సోమవారం అత్తగారు కేంద్రం దగ్గర దిగి, తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నొప్పి ఏం లేదే!" అంది, ఎవరో తనని మోసం చేసినట్టు.

అయినా శుక్రవారం స్కాన్ మానలేదు. గంటన్నర కూర్చోబెట్టి పిలిచాడు డాక్టరు. సినిమా రీలులా బొమ్మలన్నీ జరిపి చూపించి, "శుభ్రంగా ఉందమ్మా, ఏమీ లేదు" అన్నాడు.

"అంటే ఆపరేషన్ కావల్సింది నాకు కాదు, కారుకన్నమాట" అంది అత్తగారు. డాక్టరుకి అర్థంకాలేదు. కోడలికి నవ్వాగలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ దిండు గలీబులోంచి మడతపెట్టిన కాగితం తీసి కోడలి చేతిలో పెట్టింది. బీరువా తాళం ఎక్కడుందో, ఏ చీర ఎవరికివ్వాలో, కొడుకుకి కబురు ఎలా చెప్పాలో వంకరటింకర అక్షరాలతో రాసి ఉంది.

"ఇదెప్పుడు రాశారు అత్తయ్యా?"

"రెండోసారి తల నొప్పొచ్చిన రోజు. చించెయ్యి."

కోడలు చించబోతుంటే ఆవిడ చెయ్యడ్డం పెట్టింది.

"ఆగాగు. ఆ ఆకుపచ్చ చీర నీకని రాశాను, చూశావా? అది ఇప్పుడే తీసుకో. నేను ఇప్పట్లో పోయేలా లేను."