ఆయన ముద్ర

మూడో పేజీ దగ్గర ఎర్ర పెన్సిలు ఆగింది. ప్రూఫురీడరు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. పసిపిల్లలకు ఆవిరి పట్టే మెషీను ఎలా వాడాలో చెప్పే కరపత్రం అది. ఆవిరి ‘కంటిన్యువస్’గా పట్టాలట! కింద బొమ్మలో మాత్రం పది నిమిషాలు పట్టి, ఆపి, కాసేపయ్యాక మళ్లీ పట్టమని ఉంది.

“ఎవడి కళ్లు మూసుకుపోయాయో!” అని పళ్లు నూరి, ఆ మాట కొట్టేసి పైన ‘కంటిన్యువల్’ అని రాశాడు.

ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. బల్ల కింద పాత చెప్పుల డబ్బా నిండా అట్టముక్కలు, ఒక్కోదాని మీద కవలల్లాంటి రెండేసి ఇంగ్లీషు మాటలు. ప్రెస్సులో అందరూ ఆయన్ని ‘తేడాల తాతగారు’ అంటారు. ‘కంటిన్యువస్’కీ ‘కంటిన్యువల్’కీ తేడా ఏమిటని భార్య ఒకసారి అడిగితే వంటింటి కుళాయి చూపించాడు.

“చుక్కచుక్కగా రోజంతా కారితే కంటిన్యువల్. తెగకుండా ధార కడితే కంటిన్యువస్.”

“ఎలాగైనా బకెట్టు నిండుతుంది కదండీ” అందావిడ. ఆ పూట ఆయన భోజనం చెయ్యలేదు.

కాగితం పట్టుకుని మేనేజరు గదికి వెళ్లాడు.

“రెండూ ఒకటే కదా తాతగారూ. ఇంత పట్టిపట్టి ఎవరు చదువుతారు?”

“చంటిబిడ్డ తల్లి చదువుతుందయ్యా! ఆపకుండా పట్టిందంటే బిడ్డ మొహం బొబ్బలెక్కుతుంది. మార్చేదాకా నా ముద్ర పడదు.”

ఆయన ముద్ర పడని కట్ట గేటు దాటదు. అది ఆ ప్రెస్సు కట్టుబాటు. మేనేజరు పేపరువెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు. అప్పుడు వినిపించింది పక్కగదిలోంచి, దబ్‌, దబ్‌ అని.

వెళ్లి చూస్తే, కట్టలు కట్టే అమ్మాయి కరపత్రాల కట్టల మీద ఆయన పొడి అక్షరాలు గుద్దుతోంది. భార్య ఆపరేషనుకు సెలవు పెట్టినప్పుడు, పని ఆగకూడదని తన ముద్రకు నకలుగా ఆయనే చేయించి మేనేజరుకు ఇచ్చిన రబ్బరు ముద్ర. తిరిగొచ్చాక అడగడం మరిచిపోయాడు.

“మీరు చదివేశారని మేనేజరుగారు చెప్పారండీ” అందా అమ్మాయి బెదిరిపోయి.

“ఎప్పటినుంచమ్మా?”

“నేను చేరినప్పటినుంచీ. రెండేళ్లు.”

ఆయనకు ఒళ్లంతా మండిపోయింది. రెండేళ్లు! ఏమేం వెళ్లిపోయాయో తన పేరు మీద, ఎవరెవరి ఇళ్లకో. ముద్ర లాక్కున్నాడు. పెన్సిలు చెక్కే బ్లేడుతో రబ్బరును అడుగంటా కోసి, ముక్కలు చెత్తబుట్టలో పారేశాడు. గేటు దగ్గర కాపలావాడికి, “ఈ కరపత్రం నేను సరే అన్నది కాదు. ముద్ర ఉన్నా సరే, ఒక్క కట్టా వదలకు” అని గట్టిగా చెప్పి వచ్చాడు. కాపలావాడు గేటుకు తాళం వేశాడు.

మేనేజరు కేకలు వేస్తూనే ఉన్నాడు. ఆయన చెప్పుల డబ్బా చంకన పెట్టుకుని, చిన్న గేటులోంచి బయటికి నడిచాడు. మళ్లీ రాలేదు.

మేనేజరు బల్ల మీద, ఎర్ర పెన్సిలు గీతలున్న మూడో పేజీ ఎగిరిపోకుండా, అడుగున ఒక్క అక్షరమూ లేని ఆ ముద్ర చెక్క పిడి.