గోడ లేని గేటు

నేను ఒక ఇనుప గేటును. మనుషులంటే నాకు గిట్టదు. గిట్టకపోవడమే నా ఉద్యోగం.

ఆ మంచి కబురు వచ్చిన సాయంత్రం నేను రాజమండ్రిలో, పాత ఇనుప సామాన్ల కొట్టులో, విరిగిన కుర్చీల మీద వెల్లకిలా పడి ఉన్నాను. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి వచ్చి నా ముందు నిలబడింది. అమ్మాయి మృదుల, ఎమ్మెస్సీ బోటనీ. అబ్బాయి ఫణీంద్ర, బ్యాంకులో పని. మృదుల నా పైనున్న బల్లెపు మొనల్ని ఒక్కొక్కటే వేలితో తాకి చూస్తోంది, గాజుల కొట్టులో గాజులు ఎంచుకుంటున్నట్టు. అంతలో ఫోన్ మోగింది. పై వాటాలో ఉండే ఇంటి ఓనరు సుభద్రాయమ్మగారు.

"అమ్మాయ్, ఇంటి ముందు ఖాళీ జాగాలో తోట వేసుకుంటానన్నావు కదా, వేసుకో. దీపావళి దాకా చూస్తాను. నాకు నచ్చిందా, ఉంటుంది. నచ్చలేదా, సిమెంటు పోయించి పక్కింటి గవర్రాజు కారుకి ఇచ్చేస్తాను. ఏడాది నుంచి ఆ జాగా కోసం నా ప్రాణం తోడేస్తున్నాడు."

మృదుల ఫోన్ పెట్టేసి మొగుడి చెయ్యి గిల్లింది. "ఒప్పుకున్నారండీ. మన తోట."

ఆ దీపావళి మాట ఆ పిల్ల చెవిన పడిందో లేదో గాని నా చెవిన పడింది.

"మరి ఈ గేటెందుకు? ఆ జాగాకి గోడే లేదుగా" అన్నాడు ఫణీంద్ర చెయ్యి రుద్దుకుంటూ.

"అందుకే. ఎవరిదో పెద్ద బంగళా కూలిపోయి ఇదొక్కటే మిగిలినట్టుండాలి. చూడగానే గుండె జల్లుమనాలి. గోథిక్ తోట వేద్దాం."

"పెళ్లయిన మొదటి ఏడాది అందరూ గులాబీలు వేసుకుంటారు."

"మీరు అందర్నీ చేసుకోలేదుగా."

గుండె జల్లుమనడం గురించి నాకు ఒకరు చెప్పాలా? నన్ను పుట్టించిందే అందుకు. ధవళేశ్వరంలో ఒక కమ్మరి, కాలవల ఇంజనీరుగారి బంగళా కోసం నన్ను కొలిమిలో కాల్చి సుత్తితో బాదాడు. ఎవడూ ఎక్కకుండా మొనలు పెట్టమని ఇంజనీరుగారు దగ్గరుండి చెప్పారు. తర్వాత తాళంచెవి పోగొట్టుకుని ఆయనే నన్ను ఎక్కబోయి ప్యాంటు చింపుకున్నారు. నా బతుకులో మొదటి సంతోషం అది. బంగళా చేతులు మారి ఆడపిల్లల హాస్టలైంది. వార్డెనమ్మ నన్ను నమ్ముకుని నిద్రపోయేది. పిల్లలు నా మొనలకి దుప్పటి చుట్టి, సెకండ్ షోకి దాటిపోయేవాళ్లు. బయటివాళ్లని ఆపడానికి పుట్టినదాన్ని, లోపలివాళ్లని ఆపలేదని తిట్టారు. చివరికి హాస్టలు పడగొట్టి నన్ను తూకానికి వేశారు. మనుషుల సంగతి ఇంతే. ముందు భయపెట్టమంటారు, తర్వాత దారికి అడ్డమంటారు.

ఇప్పుడు ఈ పిల్ల. నాకు మెరుపు లేని నల్లరంగు వేసి, జాగా మధ్యలో పాతి నిలబెట్టింది. ఇటు నుంచీ అటు నుంచీ హాయిగా నడిచి వెళ్లే చోట గేటుగా నిలబడడం కంటే అవమానం ఉందా? నా కాళ్ల దగ్గర నల్ల చేమ, నెత్తురు రంగు కోడిజుట్టు పూలు, నల్ల ఉమ్మెత్త. ఎండిన సొరబుర్రలకి పెద్ద పెద్ద కళ్లు తొలిచి లోపల బల్బులు పెట్టింది. బూడిద గుమ్మడికాయల్ని వరసగా ఉట్లలో వేలాడదీసింది. శరత్కాలమంటే ఆకులు రాలాలట. మన ఊరి చెట్లు ఆ మాట వినవు కాబట్టి రోడ్డు మీద ఎండిన బాదం ఆకులు ఏరుకొచ్చి చల్లేది. పనిమనిషి పొద్దున్నే ఊడ్చేసేది. ఈవిడ మళ్లీ చల్లేది. ఒకరోజు నా ఊచల మధ్య నిజం సాలీడొకటి గూడు కట్టింది. "ఏవండీ, వచ్చేసింది" అంటూ, చుట్టాలొచ్చినట్టు, స్నానం చేస్తున్న మొగుణ్ణి తువ్వాలుతోనే బయటికి లాక్కొచ్చింది. నవ్వడం నాకు రాదు.

సుభద్రాయమ్మగారు మాత్రం బాల్కనీలోంచి చూసి నోరు చేసుకున్నారు. "పచ్చగా కాపురం చేసుకోవాల్సినదానివి, నా ఇంటి ముందు శ్మశానం పెట్టావేంటమ్మా?"

"పూర్తవనివ్వండి మామ్మగారూ, బాగుంటుంది."

గవర్రాజుకి అది పండగ. రోజూ కారు తీస్తూ పైకి చూసి, "పిన్నిగారూ, సిమెంటు బస్తాలకి చెప్పేయమంటారా?" అనేవాడు. ఒకరోజు కావాలనే చక్రాన్ని చేమ దుబ్బు మీద ఎక్కించి వెళ్లాడు. మృదుల నలిగిన దుంపల్ని మళ్లీ పాతింది. మొక్కలకి నీళ్లు పోస్తూ రోజూ పాడే పాట ఆ పూట పాడలేదు. దీపావళి మాట అప్పుడు చెవికెక్కినట్టుంది.

దసరా వెళ్లాక వీధి జనం ఆగి చూడడం మొదలుపెట్టారు. మృదుల తలుపు చాటునుంచి, ఎవరు జడుసుకుంటారా అని కాచుకుంది. ఒక్కరూ జడుసుకోలేదు. చివరింటి వరహాలమ్మగారు నా ముందు నిలబడి మెచ్చుకోలుగా తలూపారు.

"మంచి పని చేశారమ్మా. ఎవరి దిష్టి, ఇంత గట్టిగా కట్టారు?"

"దిష్టి కాదండీ, తోట."

"పైకి చెప్పకూడదులే."

తప్పు వాళ్లది కాదు. నలుపు, బూడిద గుమ్మడికాయ, గుడ్లురిమే మొహం. కొత్త కాపురం ఇంటి ముందు ఇవన్నీ ఎందుకుంటాయో ఈ వీధిలో ఎవరికీ నేర్పక్కర్లేదు. ఇక ఈ జాగా మీద ఏడాదిగా కన్నేసినవాడెవడో కూడా ఎవరికీ చెప్పక్కర్లేదు. రెండు రోజుల్లో పాలవాడు సైతం గవర్రాజుని చూసి మొహం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం సుభద్రాయమ్మగారు మెట్లు దిగి వచ్చారు. "ఇక దీపావళి దాకా ఆగలేనమ్మాయ్. ఇదంతా తీయించేస్తాను" అన్నారు. మృదుల చేతిలో నీళ్ల డబ్బా వొంగిపోయి, నీళ్లన్నీ తన కాళ్ల మీదే పోతున్నాయి. అప్పుడే గవర్రాజు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు. వెనక వరహాలమ్మగారూ, ఇంకో నలుగురూ.

"నా కన్ను మంచిది కాదనా ఇంత సరంజామా? నలుగురిలో నన్ను దొంగని చేస్తారా? పీకి పారేయండి."

"ఆ మాటే చెప్తున్నానురా గవర్రాజూ" అన్నారు సుభద్రాయమ్మగారు, ఇంకా మెత్తగానే.

"చెప్పేదేంటి, మీకు పెద్దతనం వచ్చింది గాని ఇంగితం రాలేదు. జరగండి, నేనే పీకుతాను."

రెండు చేతులా నన్ను పట్టుకుని ఊపాడు. నా పాత రివెట్టొకటి అతని అరచేతిలో దిగింది. నా తప్పేం లేదు. నేను నిలబెట్టిన చోటే నిలబడ్డాను. చెయ్యి దులుపుకుంటూ వెనక్కి గెంతాడు.

"చూశారా, పని చేస్తోంది" అన్నారు వరహాలమ్మగారు.

సుభద్రాయమ్మగారు చెంగు బొడ్లో దోపుకున్నారు. "ఏరా, నా జాగాలో ఏముండాలో నువ్వు చెప్తావా? అవును, నీ కంటికే కట్టించాను. కారు మీ అత్తారింటి ముందు పెట్టుకో, పో."

అతను చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. జనం కూడా కదిలారు. మృదుల నోరు తెరిచింది. ఇది దిష్టి కాదనీ, గోథిక్ అనీ చెప్పబోతోందని నాకు తెలిసిపోయింది. ఎలాగో మింగేసింది. చదువుకున్న పిల్ల.

సుభద్రాయమ్మగారు నా చుట్టూ ఒకసారి తిరిగి, ఉట్లన్నీ ఎగాదిగా చూసి, గవర్రాజు గుమ్మం వైపు ఖాళీగా ఉన్న నేలని కాలితో చూపించారు.

"ఈ పక్క పలచగా ఉందమ్మాయ్. రేపు పొద్దున్నే టిఫిను తినేసి తయారుగా ఉండు. నువ్వూ నేనూ కడియం నర్సరీలకి వెళ్దాం. ఇంతకంటే నల్లగా ఏమున్నాయో చూద్దాం."