రాదిమ్ ఎక్కడా రాయని మాట

నా కొడుకు రాదిమ్ పోయాక, కోడలు వెందులా ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. సూప్ తాగి, గిన్నెలు పక్కకు జరిపి, సంచిలోంచి అగ్గిపెట్టెంత యంత్రాన్ని, ఒక స్టీలు రేకును తీసేది. రేకు మీద రాదిమ్ సుత్తితో కొట్టిన ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. వాడి బిట్‌కాయిన్లన్నిటికీ తాళంచెవి అదే అనుకున్నాం. మాటలన్నీ వరసగా ఎక్కిస్తే యంత్రం తెరుచుకుంది కానీ లోపల సున్నా కనిపించింది. రాదిమ్ వాటికి తన సొంత మాట ఒకటి కలిపాడని, అది ఎక్కడా రాసిపెట్టలేదని వాడి స్నేహితుడు చెప్పాడు.

"తప్పు మాట కొడితే తప్పని చెప్పదా?" అని అడిగాను.

"చెప్పదు అత్తయ్యా. ఏ మాట కొట్టినా ఒక ఖాతా తెరిచి చూపిస్తుంది. ఖాళీది."

నాకు భయం వేసింది. మూసిన తలుపునైతే తట్టవచ్చు. ఇది ఎవరు పిలిచినా తెరుచుకుని, లోపల ఎవరూ లేరని చూపిస్తోంది.

ఆ డబ్బు దొరికితే వెందులా ఎక్కడో దూరాన షుమ్‌పెర్క్ ఊళ్ళో, వాళ్ళక్క ఇంటి పక్కన, రొట్టెల దుకాణం కొనుక్కుంటుంది. నా మోకాళ్ళ నొప్పులతో అక్కడికి వెళ్ళలేను. దొరకకపోతే ఇక్కడే ప్రాగ్‌లో, ఆసుపత్రి వంటగదిలో నడుం విరిగేలా పనిచేస్తుంది. ఆదివారం నా దగ్గరికి వస్తుంది. దొరకాలనీ, ఇవాళే దొరకకూడదనీ మొక్కుకునేదాన్ని.

"ఇంటి తాళంచెవి నెలకోసారి పారేసుకునే మనిషి," అంది వెందులా, "దీన్ని మాత్రం దొంగలకే కాదు, పెళ్ళానికి కూడా దొరక్కుండా దాచాడు!"

"వాళ్ళ నాన్న పోలికే. ఆయన సారా సీసాలు దాచేవాడు."

"అవైనా దొరికేవి కదా!"

ఇద్దరం నవ్వాం. తర్వాత వెందులా మొహం చేతుల్లో పెట్టుకుంది. "చిన్నప్పుడు తనకి బాగా ఇష్టమైంది ఏంటి అత్తయ్యా? ఇంకేమైనా చెప్పండి. కుక్క పేరు అయిపోయింది, బడి పేరు అయిపోయింది."

అప్పుడు స్నానాల తొట్టి గుర్తొచ్చింది. క్రిస్మస్ విందుకని వాళ్ళ నాన్న బతికున్న కార్ప్ చేపను తెచ్చి అందులో వదిలాడు. రాదిమ్ దానికి పేరు పెట్టి, పక్కనే పీట వేసుకుని కథలు చెప్పాడు. వాళ్ళ నాన్న చేతిలో కత్తి చూసి తొట్టికి అడ్డంగా పడుకున్నాడు. చివరికి బకెట్లో మోసుకెళ్ళి నదిలో వదిలేశాం. "దానికి చలేస్తుందా అమ్మా?" అని దారంతా అడుగుతూనే ఉన్నాడు.

ఆ పేరు నా నాలుక మీదే ఉంది. గిన్నెలు కడిగే నెపంతో లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

"ఆల్ఫోన్స్," అన్నాను.

వెందులా కొట్టింది. యంత్రం కాసేపు ఆలోచించింది. ఈసారి సున్నా చూపించలేదు. వెందులా నా చేయి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఏడుపు ఆగాక సంచిలోంచి కొత్త యంత్రం తీసింది. "అంతా ఇందులోకి మార్చేయాలి. ఆ రేకూ ఈ పేరూ మనిద్దరికీ తెలిసిపోయాయిగా. దీని కొత్త మాటలు నేను తప్ప ఎవరూ చూడకూడదు. మీరు కాస్త అటు తిరుగుతారా?"

"నేనెవరికి చెప్తానే పిచ్చిదానా? నాకు ఇంగ్లీషే రాదు."

"మీరు చెప్తారని కాదు అత్తయ్యా. రాదిమ్ ఉన్నా ఇలాగే చేయమనేవాడు."

కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాను. వెనక కాగితం మీద పెన్సిలు కదులుతోంది. అది ఆగినప్పుడల్లా, అయిపోయిందేమోనని ఉలిక్కిపడ్డాను.