ముప్పై ఎనిమిది ఆవులు

శాలేము రాజు ఎడమ చెయ్యి మోచేతి పైదాకా ఆవు లోపల ఉంది. భుజం వరకూ ప్లాస్టిక్ తొడుగు, కుడిచేతిలో సన్నటి స్టీలు గొట్టం. కళ్ళు మాత్రం ఎదురుగోడ మీద ఎండుతున్న పిడకలను చూస్తున్నాయి. ఈ పనిలో చూడాల్సింది వేళ్ళే. ఆవు యజమాని మునెప్ప తోకను పక్కకు పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. సూది ఎవరికి పడుతోందో తెలియనంతగా ఉంది ఆయన వాలకం.

"అయిపాయ, తోక వదులు," అన్నాడు రాజు.

తొడుగు తిరగేసి ముడివేస్తుంటే మునెప్ప చెంబుతో నీళ్ళు పోశాడు.

"నా బావమరిది నమ్మడం ల్యాదప్పా. నా ఆవు ఎంతెత్తని రాస్తివి పుస్తకంలో?"

"ఎనబై తొమ్మిది సెంటీమీటర్లు."

"నువ్వు కొలిసేటప్పుడు నేను ల్యా. యాడుంటినో ఏమో."

"సేనుకాడ ఉంటివేమో," అంటూ రాజు సంచి మూతికి తాడు బిగించి ముడివేశాడు. దాని మీద ఇంకో ముడి వేశాడు. ఆ సంచికి రెండో ముడి ఎప్పుడూ వేసింది లేదు.

చౌడేపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని ఆవుల డాక్టరంటారు. డాక్టరేమీ కాదు. పదో తరగతి, నాలుగు నెలల శిక్షణ, గోపాలమిత్ర అని రాసిన గుర్తింపు కార్డు, ఒక ఎక్సెల్ బండి, దాని వెనక ఎద్దు వీర్యం నిలవుంచే నత్రజని క్యాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే బతుకు. ఆవు ఎదకొచ్చిందని ఫోను వస్తే పెళ్ళి పంక్తిలో ఉన్నా లేచి పోవాల్సిందే. మనిషి పొట్టి, మణికట్లు లావు. ఎడమ భుజం కుడిదానికంటే అంగుళం కిందికి దిగి ఉంటుంది. పని చొక్కాల్లో ఒక్కదానికీ ఎడమ చెయ్యి ఉండదు. భార్య ఫ్లోరా కత్తిరించి, అంచు మడిచి కుట్టి ఇచ్చేది. ఆమె పోయి ఏడాదిన్నర దాటింది. అప్పటినుంచి ఆయన కొత్త చొక్కా కొనలేదు.

కొలతల సంగతి రెండేళ్ళ కిందట మొదలైంది. కుప్పంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే కుసుమ, పీహెచ్‌డీ కోసం పుంగనూరు పొట్టి ఆవులను కొలవాలని వచ్చింది. మొత్తం నూటనలభై ఆవులు. మొదట్లో ఇద్దరూ కలిసే తిరిగారు. ఆవు సమంగా ఉన్న నేల మీద నిలబడాలి, నాలుగు కాళ్ళూ తిన్నగా ఉండాలి, కొలకర్రను మూపురం వెనక ఆనించి మూడుసార్లు చూడాలి అని ఆమె నేర్పింది. గంగడోలు కింద గోకితే ఎంత పొగరుమోతు ఆవైనా మెడ చాచి నిలబడుతుందని ఆయన నేర్పాడు. తర్వాత ఆమెకు క్లాసులు మొదలయ్యాయి. కర్రనూ పుస్తకాన్నీ ఆయనకు అప్పగించింది. పోయిన ఏడాది ఆ వ్యాసం ఒక పరిశోధన పత్రికలో అచ్చయినప్పుడు తన పేరు తర్వాత ఆయన పేరు వేయించింది. "కొలిసినోళ్ళ పేరు లేకుంటే అది పేపరెట్ల అవుతాదన్నా?" అంది.

రాజుకు ఇంగ్లీషు రాదు. తన పేరులోని అక్షరాలు మాత్రం గుర్తుపడతాడు. మదనపల్లెలో బడిపంతులమ్మగా చేస్తున్న కూతురు జెమీమా ఆ మొదటి పేజీని ల్యామినేషన్ చేయించి, ఫ్లోరా ఫొటో కింద మేకుకు తగిలించింది. ప్రార్థనకు ఇంటికి వచ్చినప్పుడల్లా పాస్టరుగారు దాన్ని చూసి "మన రాజు సైంటిస్టు" అనేవారు. రాజు అదేం లేదన్నట్టు చెయ్యి ఊపేవాడు. పాస్టరుగారు వెళ్ళాక దాని మీద దుమ్ము తుడిచేవాడు. ఆయన జీవితంలో అచ్చుగా చూసుకున్న తన పేరు అదొక్కటే, పెళ్ళిపత్రికను వదిలేస్తే.

నిన్న సాయంత్రం కుసుమ ఫోన్ చేసింది. కొన్ని కొలతలు మరీ పొందికగా ఉన్నాయని ఎవరో పాఠకుడు పత్రికకు ఉత్తరం రాశాడట. కొలిచేటప్పుడు రాసుకున్న అసలు పుస్తకాన్ని వారంలోగా చూపించమని పత్రికవాళ్ళు అడిగారు. "పుస్తకం మన దగ్గరే ఉండాది, మనకేం భయమన్నా? రేపు తెచ్చియ్యి, స్కాన్ చేసి పంపిచ్చేస్తా," అంది. వచ్చే నెలలో ఆమె పీహెచ్‌డీకి ఆఖరి పరీక్ష. ఆ వ్యాసం లేకపోతే ఆ పరీక్షే లేదు.

మునెప్ప ఇంటి నుంచి వచ్చి రాజు ట్రంకుపెట్టెలోంచి పుస్తకం తీశాడు. పొడుగాటి నోటుపుస్తకం. ఏదో ఆవు నాకిన తడికి అట్ట ముడతలు పడింది. పేజీలు తిప్పితే పేడ మరకలు, గడ్డిపోచలు, బొటనవేలి ముద్రలు, పాలచుక్క పడి చెదిరిన అంకె, ఒక చోట ఆవు తొక్కిన చిరుగు. అంతా పెన్సిలు రాత, కొట్టివేతలు. నూటరెండో ఆవు దాకా ఇంతే. నూటమూడో ఆవు నుంచి పేజీలు తెల్లగా ఉన్నాయి. పెన్సిలు పోయి పెన్ను వచ్చింది. ఒకే వాలు రాత, ఒక్క కొట్టివేతా లేదు. ఆ పేజీల దరిదాపులకు ఏ ఆవూ రాలేదు.

అవి మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో రాసినవి. కిడ్నీలు చెడి ఫ్లోరా తొమ్మిది రోజులు అక్కడ ఉంది. కుసుమకు ఆ వారంలోనే కొలతలు కావాలి. ఆమెకు ఆసుపత్రి సంగతి తెలియదు, ఆయన చెప్పలేదు. చెబితే పని ఆపమంటుంది. తన వల్ల ఒకరి పని ఆగిందన్న మాట ఆయన ఎన్నడూ పడలేదు. మిగిలిన ముప్పై ఎనిమిదీ తాను ఎరిగిన ఆవులే. కొన్నిటిని దూడలుగా ఈ లోకంలోకి లాగింది తన చేతులే. కళ్ళు మూసుకుంటే ఎదుట నిలబడే ఆవులకు కర్ర దేనికి? మంచం పక్కన స్టూలు మీద కూర్చుని వరసగా రాసేశాడు.

"ఏం రాస్తాండావు?" అని అడిగింది ఫ్లోరా, ముక్కుకు గొట్టం ఉండగానే.

"ఆవుల కొలతలు."

ఆమె వార్డంతా ఒకసారి కలయజూసింది. "ఈడ ఆవులు యాడుండాయి?" అని నవ్వింది.

రెండు రోజులకు పోయింది. ఆమె నవ్వగా ఆయన చూడడం అదే ఆఖరు.

అంకెలు ఫోన్లో చదివి వినిపించేటప్పుడు కుసుమకు చెబుదామనుకున్నాడు. ఫ్లోరా సంగతి తెలిసి ఆ పిల్ల ఏడుస్తుంటే నోరు రాలేదు. తర్వాత పేరు అచ్చయింది. పేరు అచ్చయ్యాక చెప్పడం మరీ కష్టమైపోయింది.

ఇప్పుడు ఆ తెల్లటి పేజీ తెరిచి రాజు చాలాసేపు చూశాడు. తర్వాత పెరట్లోకి పోయి, పక్కింటి సరోజమ్మ ఆవు వేసిన పేడలో వేలు ముంచుకొచ్చి పేజీ మూలన పూశాడు. పూసి, దూరంగా పట్టుకుని చూశాడు. ఇరవై ఆరేళ్ళు పేడలో బతికిన మనిషికి ఏది పడిన మరకో, ఏది పూసిన మరకో ఇంకొకరు చెప్పాలా? సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రెండో పేజీ జోలికి పోలేదు. చెయ్యి కడుక్కుని, గోడ మీది ఫొటో వైపు చూడకుండానే చొక్కా మార్చుకుని బస్సుకు పోయాడు.

పుంగనూరులో బస్సు మారి, పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి పన్నెండు దాటింది. పుస్తకం గుడ్డసంచిలో, సంచి ఒళ్ళో. కిటికీలోంచి మేసే ఆవు కనబడినప్పుడల్లా అలవాటుగా దాని ఎత్తు అంచనా వేయబోయి, చప్పున మానుకున్నాడు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. పేరు గోడ మీద ఉంటుంది, ఆ పిల్ల డాక్టరవుతుంది. చెబితే రెండూ పోతాయి. పైగా ఆ అంకెలు పెద్ద తప్పేమీ అయివుండవు. వి.కోట దాటేదాకా చెప్పకూడదనే అనుకున్నాడు. కుప్పంలో దిగేటప్పుడూ అదే అనుకున్నాడు.

కాలేజీ ల్యాబు నిండా ఫార్మలిన్ వాసన. కుసుమ ముప్పై ఏళ్ళ మనిషి. వేళ్ళకు సుద్దపొడి, మాటలో తొందర. ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పుస్తకం తీసుకుని ఒక్కో పేజీని స్కానర్ మీద బోర్లించసాగింది. ఒక్కో మరకా ఆమెకు ఒక్కో ముచ్చట.

"ఇది శాంతమ్మ ఆవు తొక్కింది గదా? ఇది నిన్ను పొడిసిన రోజుది. రెండు దినాలు కుంటితివి!"

రాజు నవ్వడానికి ప్రయత్నించాడు. పేజీలు తిరుగుతుంటే ఆయన మనసులో ఆవుల వరస తిరుగుతోంది. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. నూటమూడు వచ్చింది. మూలన మరక ఇంకా పూర్తిగా ఆరలేదు.

"అయ్యో, దీనికి ఇప్పుడే అంటుకున్నట్టుండాదే," అని కుసుమ తన చున్నీ అంచుతో, పక్కనున్న అంకె చెరగకుండా, మెల్లగా అద్ది తుడవసాగింది.

రాజు అది చూడలేకపోయాడు.

"తుడవద్దమ్మా. అది ఆవు వేసింది కాదు. పొద్దున నేను పూసింది."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు; ఏడాదిన్నరగా మోసింది నాలుగైదు మాటల్లో అయిపోయింది.

"ఎన్నన్నా?"

"ముప్పై ఎనిమిది."

"అప్పుడే చెప్పింటే నూటరెండుతోనే పంపిస్తాంటిని గదన్నా! నూటనలభై కావల్లని ఎవురు కూసోబెట్టి అడిగినారు నిన్ను?" ఆమె గొంతు పెరిగింది. "నా పేరుతో పోయిందది. మొదటి పేరు నాది."

"నా పేరు తీసెయ్యమ్మా."

"తీసేస్తే అయిపోతాదా?"

కుసుమ కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. బయట మైదానంలో ఎవరో విజిల్ ఊదుతున్నారు. స్కానర్ మూత తెరిచే ఉంది, లోపల దీపం వెలుగుతోంది. ఆయన వైపు తిరక్కుండానే అంది: "ఇట్లనే పంపిస్తే ఎవురికీ తెలీదన్నా. నీకూ నాకూ తప్ప."

"ఫ్లోరా సూసిందమ్మా," అన్నాడు రాజు. "ఈడ ఆవులు యాడుండాయని అడిగింది."

కుసుమ బయటికి పోయి, మొహం కడుక్కుని వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. పత్రికకు ఉత్తరం రాసింది. నూటనలభైలో ముప్పై ఎనిమిది కొలతలు కొలిచి రాసినవి కావని, ఆ సంగతి మేమే చెబుతున్నామని, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని. పేరున్నవాళ్ళందరూ ఒప్పుకోవాలి కాబట్టి ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పి వినిపించింది.

"మేమని యాలమ్మా? నేనని రాయి."

"పుస్తకం నీ చేతికిచ్చి, ఒక్కనాడూ వచ్చి సూడనిది నేను," అంది కుసుమ. "మేమనే ఉండాల."

లేచేటప్పుడు రాజు, ఆ ముప్పై ఎనిమిదీ ఇప్పుడు కొలుస్తానన్నాడు. అన్నీ ఈడొచ్చిన ఆవులే, ఇక ఎత్తు పెరిగేవి కావు. కుసుమ బీరువాలోంచి కొత్త పుస్తకం తీసి ఇచ్చింది. చదువు ఏడాది వెనక్కి పోయిందన్న కోపం ఆమె మొహంలో ఇంకా ఉంది. అయినా బస్టాండు దాకా స్కూటీ మీద దింపింది.

ఇంటికి చేరగానే రాజు ల్యామినేషన్ కాగితాన్ని తీసి ట్రంకుపెట్టెలో పెట్టాడు. బాధగానే ఉంది. ఫ్లోరా ఫొటో వైపు మాత్రం ఆ పూట తిన్నగా చూడగలిగాడు.

మర్నాడు మొదట మునెప్ప ఆవు. తొంభై ఐదు. మూడుసార్లు చూసినా తొంభై ఐదే.

"ఎనబై తొమ్మిదంటివే!"

"అప్పుడు కొలవలేదు మునెప్పా. ఊరికే రాసినా."

పొట్టిదనమే గొప్పయిన ఆవు ఒక్కపూటలో ఆరు సెంటీమీటర్లు పెరిగితే ఎవరికి బాగుంటుంది? మునెప్ప మాట్లాడడం మానేశాడు. మిగతా ఊళ్ళలో రాజు కన్ను ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి తప్పలేదు. తప్పిందల్లా ఇష్టమైన ఆవుల దగ్గరే. తెలియకుండానే వాటిని పొట్టివి చేసి రాశాడు. కర్ర ఎందుకో ఆయనకు అప్పుడు తెలిసింది.

రెండు నెలల పాటు, సూదుల పని మధ్య వీలు చిక్కినప్పుడల్లా తిరిగాడు. ఒక బుధవారం సాయంత్రం, ఇంకా కొలవాల్సిన ఆవు ఉన్న శారదమ్మకు ఫోన్ చేసి, రేపు పొద్దున వస్తానని, ఆవును మేతకు తోలవద్దని చెప్పాడు. గురువారం శారదమ్మ ఆవును మధ్యాహ్నం దాకా కట్టేసే ఉంచింది. రాజు నిద్రలోనే పోయాడని ఎవరో వచ్చి చెప్పాక పలుపు విప్పింది.

పుంగనూరు సమాధుల తోటలో ఫ్లోరా పక్కన పెట్టారు. మునెప్ప కూడా వచ్చాడు. పిడికెడు మన్ను వేస్తూ, "ఆవుకు సూడి నిలిసిందప్పా," అని లోపలికి వినబడేలా చెప్పాడు.

వారం తర్వాత జెమీమా కుప్పం పోయి పుస్తకం కుసుమకు ఇచ్చింది. రెండు నెలలకే దాని అట్ట ఊడింది. ముప్పై ఎనిమిది మంది యజమానుల పేర్లు ఆయన మొదటిరోజే వరసగా రాసి పెట్టుకున్నాడు. ఇరవై తొమ్మిదింటికి ఎదురుగా మూడేసి కొలతలున్నాయి. మూడింటికి "అమ్మినారు" అని, రెండింటికి "సచ్చిపాయ" అని రాసి ఉంది.

"మిగిలిన నాలుగూ నాయనకు బాగా తెలిసిన ఆవులే," అంది జెమీమా. "ఎత్తెంతో కండ్లు మూసుకుని చెప్తాండె."

కుసుమ తల ఊపింది. బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది. పేజీ నిండా పేడ మరకలు, మధ్యలో ఒక గడ్డిపోచ, దారానికి కట్టిన పెన్సిలు ముక్క, అడుగున శారదమ్మ పేరు, ఆ పేరుకెదురుగా ఖాళీగా మూడు గడులు.